సూది మందులోని సూక్ష్మ బంతులు
(విజ్ఞాన వ్యాసం)



"నానో టెక్నాలజీ" అనే మాట వినగానే అదేదో అమెరికాలో, పెద్ద పెద్ద అద్దాల భవనాల్లో జరిగే పని అని మనం అనుకుంటాం. కాని మనలో చాలామంది ఒంట్లోకి పసితనంలోనే నానో కణాలు వెళ్ళాయి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు తొలి రోజునే వేసే హెపటైటిస్-బి టీకా నిజానికి మాంసకృత్తులతో (ప్రోటీన్లతో) తయారైన నానో బంతుల ద్రవమే. ఈ బంతులు ఏమిటి, ఎలా పనిచేస్తాయి, వాటిని ఇప్పుడు శాస్త్రవేత్తలు కంప్యూటరులో ఎలా గీస్తున్నారు, మన తెలుగువారికి ఇందులో ఉన్న భాగం ఏమిటి అన్నవి ఈ వ్యాసంలో తెలుసుకుందాం. హాస్టల్లో ఉండే మనకు ఈ విషయం ఎందుకు ముఖ్యమో కూడా చెబుతాం.

టీకా అంటే ఏమిటి?

మన శరీరంలోకి రోగక్రిమి ప్రవేశించినప్పుడు, దాని ఒంటిమీద ఉండే కొన్ని గుర్తులను మన తెల్ల రక్తకణాలు పసిగడతాయి. ఈ గుర్తులనే ప్రతిజనకాలు అంటారు. ఆ గుర్తుకు సరిగ్గా అతుక్కునే ప్రతిదేహాలను బి-కణాలు తయారుచేస్తాయి. అయితే మొదటిసారి ఈ పనికి చాలా రోజులు పడుతుంది. ఈలోగా రోగం ముదరవచ్చు. అందువల్ల రోగం రాకముందే ఆ గుర్తును మాత్రం శరీరానికి చూపించి, గుర్తుపెట్టుకునే జ్ఞాపక కణాలను సిద్ధం చేయడమే టీకా పని.

పాతకాలపు టీకాల్లో బలహీనపరచిన క్రిమినో, చంపిన క్రిమినో వాడేవారు. ఇప్పటికీ అటువంటి మంచి టీకాలు ఉన్నాయి. కాని క్రిమి మొత్తం అవసరం లేదు, దాని గుర్తు ఒక్కటి చాలు అనే ఆలోచనతో వచ్చినవే ప్రోటీన్ టీకాలు. వీటిలో రోగక్రిమి ఉండదు కనుక ఈ టీకా వల్ల ఆ రోగం వచ్చే ప్రశ్నే లేదు.

రక్తంలో దొరికిన బంతి

1960లలో బరూక్ బ్లంబర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రపంచంలోని రకరకాల ప్రజల రక్తాన్ని పరీక్షిస్తూ, ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కొత్త ప్రోటీన్‌ను కనుగొన్నాడు. 1965లో దాన్ని "ఆస్ట్రేలియా యాంటిజెన్" పేరుతో ప్రకటించాడు. అది హెపటైటిస్-బి వైరస్ పైపొరలోని ప్రోటీన్ అని తరువాత తేలింది. ఇందుకు ఆయనకు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పుట్టినరోజు జులై 28నే ఇప్పుడు ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుకుంటున్నాం.

ఇక్కడొక వింత ఉంది. ఈ వైరస్ మన కాలేయ కణాల్లో పెరిగేటప్పుడు తన పైపొర ప్రోటీన్‌ను అవసరానికి మించి తయారుచేయిస్తుంది. మిగిలిన ప్రోటీన్లు వాటంతట అవే ఒకదానికొకటి అతుక్కుని గుండ్రని చిన్న బంతులుగా మారి రక్తంలో తిరుగుతుంటాయి. ఒక్కో బంతి వ్యాసం సుమారు 22 నానోమీటర్లు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్ల వంతు. మన తల వెంట్రుక మందం మేర ఈ బంతులను వరుసగా పేర్చాలంటే మూడు వేలకు పైగా కావాలి. ఈ బంతుల్లో వైరస్ జన్యు పదార్థం ఉండదు. అంటే లోపల గింజ లేని కాయ. అది మొలకెత్తదు, రోగం తేదు. కాని పైతోలు మాత్రం అచ్చం వైరస్‌దే. ఇంతకంటే మంచి టీకా సరుకు ఏముంటుంది?

మొదట ఈ బంతులను రోగుల రక్తం నుండే వేరుచేసి, శుద్ధిచేసి టీకాగా వాడారు. ఇది 1981లో అమెరికాలో అనుమతి పొందింది. రోగుల రక్తం సేకరించడం కష్టం, ఖర్చు, పైగా జనానికి భయం. అప్పుడు శాస్త్రవేత్తలు ఆ ఒక్క ప్రోటీన్ జన్యువును తీసి ఈస్ట్ అనే సూక్ష్మజీవిలో చేర్చారు. రొట్టెను పొంగించే ఈస్ట్ మనకు తెలిసిందే. మన రైతులు నాటు మామిడి మొక్కకు మేలురకం కొమ్మను అంటుకట్టి, నాటు వేరుతోనే మేలుకాయలు కాయించినట్టు, ఈస్ట్ చేత వైరస్ ప్రోటీన్‌ను చేయించారన్న మాట. ఆ ప్రోటీన్లు ఇక్కడ కూడా బంతులుగా కూడుకున్నాయి. 1986లో ఈ పద్ధతి టీకా అమెరికాలో వచ్చింది.

హైదరాబాదులో తయారైన టీకా

మన దేశానికి ఈ టీకా దిగుమతి అయ్యేది. ఒక్కో డోసు ధర వందల రూపాయల్లో ఉండేది. మూడు డోసులు వేయించాలంటే కూలి చేసుకునే కుటుంబానికి నెల సంపాదన చాలదు. టీకా ఉండీ లేనట్టే.

నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు. జీవశాస్త్రం ఆయన చదువు కాదు. అయినా ఈ టీకాను మన దేశంలోనే తయారుచేయాలన్న పట్టుదలతో 1993లో తల్లి శాంతమ్మ గారి పేరుమీద శాంతా బయోటెక్నిక్స్ సంస్థను హైదరాబాదులో స్థాపించారు. యువ శాస్త్రవేత్తలతో ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను, సీసీఎంబీలోను పరిశోధన చేయించారు. అనేక కష్టాల తరువాత 1997 ఆగస్టులో "శాన్‌వ్యాక్-బి" టీకా విడుదలైంది. జన్యువులను మార్చే పద్ధతిలో భారతదేశంలోనే రూపొంది బజారులోకి వచ్చిన తొలి టీకా ఇది. ఆయనకు 2005లో పద్మభూషణ్ లభించింది. 2009లో ఆ సంస్థ ఫ్రాన్సుకు చెందిన సనోఫీ చేతికి వెళ్ళింది.

డాక్టర్ కృష్ణ ఎల్లా గారు 1996లో స్థాపించిన భారత్ బయోటెక్ కూడా ఈ టీకాను తయారుచేసింది. ఆయన సొంత ప్రాంతం తిరుత్తణి. 1960 వరకు తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోనే ఉండేదన్న సంగతి పెద్దలకు గుర్తుంటుంది. ఇలా పోటీ పెరిగి టీకా ధర వందల రూపాయల నుండి పదుల రూపాయలకు దిగింది. ధర దిగినందువల్లనే ప్రభుత్వం దాన్ని పిల్లలందరికీ ఉచితంగా ఇవ్వగలిగింది. 2002-03లో కొన్ని చోట్ల ప్రయోగాత్మకంగా మొదలై 2011 నాటికి దేశమంతటికీ విస్తరించింది. ఒక ఆవిష్కరణ పేదవాడి దాకా చేరాలంటే ప్రయోగశాలలో గెలిస్తే చాలదు, ధరలో కూడా గెలవాలి.

బంతి ఆకారం ఎందుకు ముఖ్యం?

అదే ప్రోటీన్‌ను విడివిడి ముక్కలుగా ఇస్తే సరిపోదా? ఇస్తే శరీరం స్పందిస్తుంది గాని సాధారణంగా బలహీనంగా స్పందిస్తుంది. బంతిగా ఇస్తే స్పందన బాగా పెరుగుతుంది. దీనికి ముఖ్యంగా మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది వరుస. పనసకాయ పైన ముళ్ళు ఎలా ఒకే తీరుగా, దగ్గర దగ్గరగా ఉంటాయో, నానో కణం పైన ప్రతిజనకాలు అలా ఉంటాయి. బి-కణం మీద కూడా వాటిని పట్టుకునే గ్రాహకాలు చాలా ఉంటాయి. ఒకేసారి అనేక గ్రాహకాలు చిక్కుకుంటే బి-కణానికి గట్టి సంకేతం అందుతుంది. హాస్టల్లో నీళ్ళు రావడం లేదని ఒక్కడు వెళ్ళి వార్డెన్ సారుకు చెబితే "చూద్దాంలే" అంటారు. అరవై మంది వరుసగా వెళ్ళి నిలబడితే వెంటనే ప్లంబరుకు ఫోను పోతుంది. ఇదీ అంతే.

రెండవది పరిమాణం. సుమారు 20 నుండి 200 నానోమీటర్ల కణాలు సూది వేసిన చోటు నుండి శోషరస నాళాల గుండా శోషరస కణుపులకు తేలికగా చేరతాయి. బి-కణాలకు శిక్షణ జరిగేది అక్కడే. మరీ చిన్న ప్రోటీన్లు రక్తంలోకి జారిపోతాయి. మరీ పెద్దవి సూది వేసిన చోటే నిలిచిపోతాయి.

మూడవది పోలిక. మన రోగనిరోధక వ్యవస్థ లక్షల ఏళ్ళుగా వైరస్‌లతో పోరాడింది. వైరస్ అంత పరిమాణంలో, ఒకే గుర్తు వరుసగా పేర్చి ఉన్న వస్తువు కనబడితే దాన్ని శత్రువుగా చూడడం దానికి అలవాటు. అందుచేత పట్టి మింగే కణాలు కూడా ఇటువంటి కణాలను త్వరగా అందుకుంటాయి.

బంతిని మనమే గీయడం

హెపటైటిస్-బి బంతి ప్రకృతి ఇచ్చింది. కాని అన్ని రోగక్రిముల ప్రోటీన్లు ఇలా తమంతట తాము బంతులు కావు. అప్పుడు ఏం చేయాలి? ఒక బంతిని వేరుగా తీసుకుని, దానిపైన మనకు కావలసిన ప్రతిజనకాన్ని అతికించాలి. దీన్నే నానో కణ టీకా రూపకల్పన అంటారు. ఇందులోని మెట్లు ఇవి:

1. క్రిమి ఒంటిమీద ఏ భాగాన్ని పట్టుకుంటే అది నిర్వీర్యం అవుతుందో ఆ భాగాన్ని ఎంచుకోవాలి.
2. ఆ భాగం తన అసలు ఆకారం కోల్పోకుండా, అవసరమైతే కొన్ని అమైనో ఆమ్లాలు మార్చి, గట్టిపరచాలి.
3. దాన్ని మోసే బంతిని ఎంచుకోవాలి.
4. జన్యువు తయారుచేసి ఈస్ట్‌లోనో, బాక్టీరియాలోనో, జంతు కణాల్లోనో ప్రోటీన్‌ను పండించాలి.
5. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో బంతి సరిగా కట్టుకుందో లేదో చూడాలి.
6. జంతువుల్లోను, తరువాత మూడు దశల్లో మనుషుల్లోను భద్రత, ఫలితం పరీక్షించాలి.

మోసే బంతిగా ఫెర్రిటిన్ ఒక మంచి ఉదాహరణ. జీవులు ఇనుమును దాచుకునే ప్రోటీన్ ఇది. 24 ముక్కలు కలిసి లోపల ఖాళీగా ఉన్న బంతి అవుతుంది. 2013లో అమెరికా శాస్త్రవేత్తలు దీనిపైన ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ప్రోటీన్‌ను అతికించి జంతువుల్లో మంచి ఫలితం చూపారు.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకు వేశారు. ప్రకృతిలో లేని బంతినే కంప్యూటరులో గీశారు. మనం మైదానంలో ఆడే ఫుట్‌బాల్‌ను గమనించండి. దానిపైన 12 నల్లని పంచభుజాలు, 20 తెల్లని షడ్భుజాలు ఉంటాయి. ఈ నానో బంతి లెక్క కూడా అదే. ఐదేసి ప్రోటీన్ల గుంపులు 12, మూడేసి ప్రోటీన్ల గుంపులు 20, మొత్తం 120 ముక్కలు. రెండు రకాల గుంపులను వేరువేరుగా తయారుచేసి ఒక పాత్రలో కలిపితే, ఎవరూ కుట్టకుండానే, అవే బంతిగా కూడుకుంటాయి. మూడేసి గుంపుల్లోని 60 ముక్కలకు కరోనా వైరస్ ముల్లులోని ముఖ్య భాగాన్ని అతికించి దక్షిణ కొరియా సంస్థ టీకా తయారుచేసింది. 2022 జూన్‌లో ఆ దేశం దానికి అనుమతి ఇచ్చింది. అదే విశ్వవిద్యాలయంలో ప్రోటీన్ రూపకల్పనకు బాటవేసిన డేవిడ్ బేకర్‌కు 2024లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

2022 మార్చి 16 నుండి మన దేశంలో 12-14 ఏళ్ళ పిల్లలకు వేసిన కోర్బెవ్యాక్స్ గుర్తుందా? హైదరాబాదులోని బయోలాజికల్-ఇ తయారుచేసిన ఆ టీకాలోనూ కరోనా ముల్లులోని అదే భాగం ఉంది. అయితే అది బంతిపైన అతికించింది కాదు. స్పందన పెంచడానికి దానికి వేరే సహాయక పదార్థాలు కలిపారు. ఒకే గమ్యానికి ఇవి రెండు దారులు.

ఈ డిజైన్ చదువుకు పునాది రాయి ఒకటి మనకు నాలుగు గంటల ప్రయాణంలోనే పడింది. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ కలిసి ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదో, ఏ కోణాల్లో వంగలేదో చూపే పటం గీశారు. "రామచంద్రన్ పటం"గా పిలిచే దీనితో ఈనాటికీ ప్రపంచమంతటా ప్రోటీన్ ఆకృతులను సరిచూస్తారు.

అన్నీ అయిపోయాయని కాదు. హెచ్.ఐ.వి. వంటి వాటికి నానో కణ టీకాలు ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయి. శరీరం ఒక్కోసారి ప్రతిజనకంతోపాటు మోసే బంతిమీద కూడా ప్రతిదేహాలు తయారుచేస్తుంది. ఇటువంటి చిక్కులు విప్పవలసి ఉంది.

పాత బంతికి కొత్త పని

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ రోగానికి టీకా రావడానికి ఆ తరువాత నూరేళ్ళకు పైగా పట్టింది. 2021 అక్టోబరులో ఆర్.టి.ఎస్.,ఎస్., 2023 అక్టోబరులో ఆర్-21 అనే టీకాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ఈ రెండింటిలోనూ మోసే బంతి ఏదో తెలుసా? మనం పైన చెప్పుకున్న హెపటైటిస్-బి బంతే! దానికి మలేరియా పరాన్నజీవి ప్రోటీన్ ముక్కను అంటుకట్టారు. ఆర్-21ను ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రూపొందించగా పూనా లోని సీరం సంస్థ తయారుచేస్తోంది. ఆర్.టి.ఎస్.,ఎస్. ప్రోటీన్ తయారీని భారత్ బయోటెక్‌కు అప్పగించేందుకు 2021 జనవరిలో ఒప్పందం జరిగింది. రోగం గుట్టు తెలిసిన తెలుగుగడ్డకు చెందిన సంస్థకే దాని మందు తయారీ చేరుతోందన్న మాట.

ఖమ్మం నేర్పిన పాఠం

గర్భాశయ ముఖద్వార క్యాన్సరును అడ్డుకునే హెచ్.పి.వి. టీకా కూడా ఇటువంటి బంతే. ఒకే ప్రోటీన్ 360 సార్లు కూడి వైరస్ గుల్లలా అవుతుంది. ఇది మంచి టీకా అని ప్రపంచమంతా అంగీకరించింది. కాని దీని చరిత్రలో మన హాస్టళ్ళకు సంబంధించిన ఒక చేదు అధ్యాయం ఉంది. దాన్ని దాచడం సరికాదు.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ ఐ.సి.ఎం.ఆర్.తోను, రాష్ట్ర ప్రభుత్వంతోను కలిసి 10-14 ఏళ్ళ బాలికలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేయించింది. వారిలో చాలామంది గిరిజన, దళిత కుటుంబాల పిల్లలు. ఎందరో హాస్టళ్ళలో ఉంటున్నవారు. కొందరు బాలికల మరణాలు బయటికి వచ్చాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని అనుమతి తీసుకున్న తీరు తప్పని తేలింది. రెండు వేలకు పైగా పత్రాలపైన తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

దీని నుండి "టీకాలు వేయించుకోవద్దు" అనే పాఠం తీసుకుంటే పొరపాటు. వేసే ముందు చెప్పించుకోవాలి, అడగాలి అన్నది అసలు పాఠం. ఇది ఏ రోగానికి? పరీక్ష దశలో ఉన్నదా, అందరికీ ఇస్తున్నదా? వేసిన తరువాత జ్వరం వస్తే ఎవరికి చెప్పాలి? మా అమ్మానాన్నలకు తెలుసా? ఈ నాలుగు ప్రశ్నలు అడగడం ఎదురుతిరగడం కాదు. అది మన హక్కు. హాస్టల్ పిల్లల చెయ్యి ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. దాని వెనుక ఒక మనిషి ఉన్నాడన్న సంగతి గుర్తుచేయవలసింది మనమే.

హాస్టల్లో మనం చేయవలసినవి

మన ఊళ్ళల్లో కళ్ళు పచ్చబడితే "కామెర్లు" అని పసరు పోయించడం వాడుక. కామెర్లు రోగం కాదు, లక్షణం. హెపటైటిస్-ఏ, ఈ రకాలు కలుషితమైన నీటివల్ల, ఆహారంవల్ల వస్తాయి. బి, సి రకాలు రక్తం ద్వారా వస్తాయి. తల్లి నుండి బిడ్డకు, లైంగికంగా కూడా బి వస్తుంది. బి-టీకా వేయించుకున్నవారికి నీటివల్ల వచ్చే కామెర్లు రావని అర్థం కాదు. కనుక కాచి చల్లార్చిన నీళ్ళు, చేతులు కడుక్కోవడం మానరాదు.

హెపటైటిస్-బి మొండి రోగం. పసిబిడ్డకు సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది. ఏ బాధా లేకుండానే ఏళ్ళ తరబడి కాలేయాన్ని తింటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 3 కోట్ల మందికి ఇది ఉంది. అయితే కలిసి భోంచేస్తే, పక్కపక్కన పడుకుంటే, చేయి కలిపితే ఇది అంటదు. ఈ రోగం ఉన్న స్నేహితుని పళ్ళెం వేరుచేయడం అజ్ఞానం.

* క్షవరానికి ప్రతి ఒక్కరికీ కొత్త బ్లేడు వేయమని అడగండి. ఇతరుల బ్లేడు, టూత్‌బ్రష్ వాడకండి.
* గంగమ్మ జాతరలో సరదాగా పచ్చబొట్టు వేయించుకునేటప్పుడు సూది కొత్తదేనా చూడండి. కాకపోతే వద్దనండి.
* మీకు చిన్నప్పుడు టీకా పడిందో లేదో ఇంటికి వెళ్ళినప్పుడు కార్డు చూడండి. పడకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరును అడగండి. పెద్దవారికి సాధారణంగా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు వేస్తారు.
* నర్సింగు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో చేరే పూర్వ విద్యార్థులు, 2011కు ముందు పుట్టినవారు ఈ విషయంలో మరింత జాగ్రత్త పడాలి.
* ఇంట్లో కాన్పు అయితే బిడ్డకు 24 గంటల్లోగా హెపటైటిస్-బి టీకా వేయించండి. తరువాతివి 6, 10, 14 వారాలకు.
* 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీనికి పరీక్ష, చికిత్స ఉచితం.

ఇంకొక్క మాట. ఈ టీకాను 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి గాని గడ్డకట్టనివ్వరాదు. గడ్డకడితే అందులోని అల్యూమినియం లవణం ముద్దలై టీకా పనికిరాకుండా పోతుంది. ఏఎన్ఎం అక్క టీకాల డబ్బాను అంత జాగ్రత్తగా మోసుకొచ్చేది ఇందుకే.

చదువు దారి

ఇంటర్‌లో బైపీసీ వారు బయోటెక్నాలజీ, జీవరసాయన శాస్త్రం, మైక్రోబయాలజీ వైపు వెళ్ళవచ్చు. ఎంపీసీ వారికి కూడా ఇందులో చోటుంది. బంతిని గీసేది లెక్కలు, కంప్యూటరే కదా! ఇరవై కోట్లకు పైగా ప్రోటీన్ల అంచనా ఆకృతులు ఈనాడు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటిని తెరిచి, తిప్పి చూడడానికి ఒక కంప్యూటరు, కొంచెం ఓపిక చాలు. ఎలక్ట్రానిక్స్ చదివినాయన టీకా తయారుచేయించగా లేనిది, ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివే మనం ఎందుకు చేయలేం? ఇంతకాలం మన చేతులు టీకా వేయించుకున్నాయి. ఇకమీదట టీకా తయారుచేసే చేతులు కూడా మన హాస్టల్ నుండి రావాలని కోరుకుంటున్నాం.

ఆలోచించండి - చెప్పండి

1. హెపటైటిస్-బి టీకాలోని బంతి వల్ల రోగం ఎందుకు రాదు?
2. ఐదేసి గుంపులు 12, మూడేసి గుంపులు 20 కలిస్తే మొత్తం ప్రోటీన్ ముక్కలు 120 ఎలా అయ్యాయో లెక్క వేయండి.
3. విడి ప్రోటీన్ కంటే బంతిమీది ప్రోటీన్‌కు శరీరం ఎక్కువగా స్పందించడానికి మూడు కారణాలు రాయండి.
4. మలేరియా టీకాకు, హెపటైటిస్-బి టీకాకు ఉన్న సంబంధం ఏమిటి?
5. రేపు మన హాస్టల్‌కు టీకా బృందం వస్తే మీరు ఏయే ప్రశ్నలు అడుగుతారు?